బ్రూటస్‌ని అర్థం చేసుకోవడం ఎలా: చదివేవాళ్లకీ, వేషం కట్టేవాళ్లకీ ఒక సమగ్ర మార్గదర్శి

బాగా దగ్గరివాళ్లు దెబ్బ కొడితే మనవాళ్ల నోట వెంటనే వచ్చే మాట ‘యూ టూ బ్రూటస్’. షేక్‌స్పియర్ నాటకం ఒక్కటి కూడా చదవనివాళ్లు సైతం ఈ మాట అంటారు. అలా బ్రూటస్ అంటే వెన్నుపోటుకు మారుపేరు అయిపోయాడు. తీరా ‘జూలియస్ సీజర్’ తెరిచి చదివితే కనిపించే మనిషి వేరు. అతనికి రాత్రుళ్లు నిద్ర పట్టదు. భార్య పలకరిస్తే విసుక్కుంటాడు. కునుకు తీస్తున్న పనికుర్రాణ్ణి లేపడానికి మనసొప్పదు. ఆ చేతులతోనే తనను ప్రేమించినవాడి ఒంట్లో కత్తి దింపుతాడు.

డిగ్రీలోనో పీజీలోనో ఈ నాటకం పాఠంగా ఉన్నవాళ్లు, క్లాసులో చెప్పాల్సినవాళ్లు, కాలేజీ స్టేజీ మీద బ్రూటస్ వేషం కట్టబోతున్నవాళ్లు, వీళ్లందరినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఎన్నో ఏళ్లుగా ఈ పాత్రను మళ్లీ మళ్లీ చదువుతూ నాకు అర్థమైంది ఒకటే. బ్రూటస్ ఆలోచించి నిర్ణయం తీసుకోడు. ముందు నిర్ణయం తీసేసుకుని, తర్వాత దానికి కారణాలు వెతుక్కుంటాడు. ఆ పని చేస్తున్నట్టు అతనికే సగం తెలుసు, సగం తెలియదు. అతనిలో జరిగే యుద్ధమంతా ఆ సగంలోనే ఉంది. కింద చెప్పే మెట్లన్నీ దాన్ని మీ కళ్లతో మీరే చూడటానికి. నాటకం మూలం, ఒక పెన్సిల్, ఒక నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మీద ‘ఏం చేశాడు’ అనీ, కుడి పేజీ మీద ‘ఎందుకన్నాడు’ అనీ రాసుకోండి.

మొదటి మెట్టు: నాటకం ఒక్కసారి ఏకబిగిన చదవండి

ఫుట్‌నోట్లు చూడకండి. అర్థం కాని మాట దగ్గర ఆగకండి. ఇది షేక్‌స్పియర్ నాటకాల్లో చిన్నవాటిలో ఒకటి, సుమారు రెండున్నర వేల పంక్తులు. ఒక ఆదివారం పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి అయిపోతుంది. వీలైతే పైకి చదవండి. ఇది చెవి కోసం రాసిన నాటకం. 1599 సెప్టెంబరులో థామస్ ప్లాటర్ అనే స్విట్జర్లాండ్ యాత్రికుడు లండన్‌లో సీజర్ మీద ఒక నాటకం చూశానని రాసుకున్నాడు. అతను చూసింది ఇదేనని ఎక్కువమంది నమ్మకం. పుస్తకంగా అచ్చయింది మాత్రం 1623లో, షేక్‌స్పియర్ చనిపోయిన ఏడేళ్లకు.

ఈ మొదటి చదువులో ఒక్క విషయం గమనిస్తే చాలు. పేరు సీజర్‌ది, నాటకం బ్రూటస్‌ది. సీజర్ మూడో అంకం మొదటి రంగంలోనే చనిపోతాడు. అతను మాట్లాడేది నూటయాభై పంక్తులకు అటూ ఇటూ. బ్రూటస్ మాట్లాడేది సుమారు ఏడు వందలు. సీజర్ పోయాక ఇంకా సగం నాటకం మిగిలే ఉంటుంది. హత్య ఎలా జరిగిందన్నది కవికి పెద్ద ప్రశ్న కాదు. హత్య చేసిన మంచివాడు ఆ తర్వాత ఎలా బతికాడన్నదే అతని ప్రశ్న.

రెండో మెట్టు: చరిత్రను ఒక్క పేజీలో రాసుకుని పక్కన పెట్టండి

మార్కస్ బ్రూటస్ నిజంగా బతికిన మనిషి. క్రీ.పూ. 48లో ఫార్సలస్ యుద్ధంలో అతను సీజర్ ప్రత్యర్థి పాంపే పక్షాన నిలబడి సీజర్‌కు ఎదురు పోరాడాడు. ఓడిపోయాక సీజర్ అతన్ని క్షమించాడు. క్షమించి ఊరుకోలేదు, పదవులు ఇచ్చాడు. క్రీ.పూ. 44 నాటికి బ్రూటస్ రోమ్ నగరానికి ప్రేటర్, అంటే న్యాయం చెప్పే పెద్ద అధికారి. బ్రూటస్ తల్లి సెర్విలియాకీ సీజర్‌కీ సంబంధం ఉండేది. ఇక వంశం సంగతి. లూసియస్ జూనియస్ బ్రూటస్ అనే పూర్వీకుడు టార్క్విన్ రాజును రోమ్ నుంచి తరిమేసి, క్రీ.పూ. 509లో రాచరికానికి స్వస్తి చెప్పాడని రోమన్ల నమ్మకం. ఆ పేరు పెట్టుకున్నవాడి మీద ఎంత బరువు ఉంటుందో ఊహించుకోండి.

క్రీ.పూ. 44 మార్చి 15న పాంపే కట్టించిన సభామందిరంలో సీజర్‌ను చంపారు. ఇరవై మూడు పోట్లు పడ్డాయని పాత చరిత్రకారులు రాశారు. క్రీ.పూ. 42 అక్టోబరులో ఫిలిప్పై దగ్గర రెండు యుద్ధాలు జరిగాయి. రెండోదాంట్లో ఓడిపోయి బ్రూటస్ ఆత్మహత్య చేసుకున్నాడు.

షేక్‌స్పియర్‌కు ఈ కథంతా గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన జీవితచరిత్రల నుంచి వచ్చింది. వాటికి థామస్ నార్త్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1579లో వెలువడింది. మీ పేజీలో అసలు రాసుకోవాల్సింది కవి ఏం మార్చాడన్నది. హత్యాస్థలాన్ని రోమ్‌లోని కాపిటల్ అనే కొండకు మార్చాడు. రెండు యుద్ధాలను ఒక్క రోజుకు కుదించాడు. సెర్విలియా మాట అసలు ఎత్తలేదు. వీటన్నిటికంటే పెద్ద మార్పు ఇంకొకటుంది. దాన్ని ఉత్తరాల దగ్గర చెబుతాను.

మూడో మెట్టు: కాసియస్ నోరు తెరవకముందే ఏముందో చూడండి

మొదటి అంకం రెండో రంగం. కాసియస్ అంటే సీజర్ మీద కుట్రను మొదలుపెట్టినవాడు. చాలా గైడ్లలో ‘కాసియస్ బ్రూటస్ మనసు విరిచాడు’ అని ఉంటుంది. ఇది తప్పు. కాసియస్ అతని దగ్గరికొచ్చి ‘ఈమధ్య నన్ను ముభావంగా చూస్తున్నావేం’ అని మాత్రమే అడుగుతాడు. దానికి బ్రూటస్ ఇచ్చే జవాబు కింద గీత గీయండి. తనతో తానే యుద్ధం చేస్తున్న బ్రూటస్ మిగతావాళ్లకు ప్రేమ చూపించడం మర్చిపోయాడు, అంతే తప్ప ఇంకేం లేదంటాడు. అంటే ఆ యుద్ధం అప్పటికే మొదలైంది. తన గురించి తాను మూడో మనిషి గురించి చెప్పినట్టు ‘పాపం బ్రూటస్’ అంటున్నాడని కూడా గుర్తు పెట్టుకోండి. ఈ అలవాటు నాటకం చివరిదాకా పోదు.

ఆ తర్వాతే కాసియస్ అద్దం మాట ఎత్తుతాడు. కన్ను తనను తాను చూసుకోలేదు కదా, నీకు నేను అద్దం అవుతానంటాడు. అంతలో బయట జనం కేకలు. బ్రూటస్ నోరు జారతాడు: ‘జనం సీజర్‌ను రాజుగా ఎన్నుకుంటున్నారేమోనని భయంగా ఉంది.’ కాసియస్ ఆ ‘భయం’ అన్న మాటను చటుక్కున పట్టుకుంటాడు. భయమా? అయితే అలా జరగడం నీకిష్టం లేదన్నమాట. వేషం కట్టేవాళ్లు ఈ చోట ఒక్క క్షణం ఆగాలి. తన మనసులో మాట తన నోట్లోంచి బయటపడటం బ్రూటస్ మొదటిసారి వింటున్నాడిక్కడ.

బ్రూటస్ వెళ్లిపోయాక కాసియస్ ఒంటరిగా అనే మాట: నువ్వు ఉత్తముడివే, కానీ నీ మంచి లోహాన్ని కూడా దాని స్వభావానికి విరుద్ధంగా వంచవచ్చు. ఈ ‘వంచడం’, ‘మలచడం’ అన్న ఆలోచనను పెన్సిల్‌తో చుట్టండి. దీనితో మళ్లీ పని పడుతుంది.

నాలుగో మెట్టు: తోటలో స్వగతం, మాట మాటకూ ఆగుతూ

రెండో అంకం మొదటి రంగానికి మిగతా నాటకమంతటికీ పెట్టినంత టైమ్ పెట్టండి. అతిశయోక్తి కాదు. ఈ స్వగతం పాతిక పంక్తులే. ఇది పట్టుబడితే పాత్ర పట్టుబడినట్టే.

అర్ధరాత్రి దాటింది. బ్రూటస్ తన తోటలో తిరుగుతున్నాడు. లూసియస్ అనే కుర్రాణ్ణి పిలిచి, గదిలో దీపం వెలిగించమని పంపుతాడు. కుర్రాడు అటు వెళ్లగానే ఇతని నోట వచ్చే మొదటి వాక్యం: అతని చావుతోనే అది జరగాలి.

అక్కడ పుస్తకం మూసి ఆలోచించండి. ఇంతవరకూ వాదన ఏమైనా నడిచిందా? లేదు. సాక్ష్యం చూపించాడా? లేదు. ముందు తీర్పు వచ్చేసింది, విచారణ ఇంకా మొదలే కాలేదు. వాక్యంలో ‘సీజర్’ అన్న పేరు కూడా లేదు, ‘అతని’ అంటాడంతే. పేరు పెట్టి అనలేకపోతున్నాడు. ‘నేను చంపుతాను’ అని కూడా అనడం లేదు, ‘జరగాలి’ అంటున్నాడు. చంపేవాడు ఆ వాక్యంలో ఎక్కడా కనిపించడు.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని, ‘కావచ్చు’, ‘చేయవచ్చు’, ‘మారవచ్చు’ అనే అర్థం వచ్చే ప్రతి క్రియ కింద గీత గీయండి. తనకు సీజర్ మీద సొంత పగ ఏమీ లేదు. లోకం కోసమే ఇదంతా. అతను కిరీటం కోరుకుంటున్నాడు. కిరీటం వస్తే స్వభావం ఎలా మారవచ్చో, అదీ ప్రశ్న. ఎండ కాసిన రోజే పాము బయటికి వస్తుంది. కిరీటం పెడితే కోరలు ఇచ్చినట్టే, ఇష్టమైనప్పుడు కాటేయవచ్చు. ఇంతలోనే ఒక నిజం ఒప్పుకుంటాడు. చూడండి, ఎంత నిజాయితీ అతనిది: సీజర్ తన ఆవేశాలకు లొంగి వివేకం పోగొట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. తన వాదనను తానే కొట్టిపారేసే సాక్ష్యం తనే చెప్పాడు. అక్కడ ఆగిపోవాలి కదా? ఆగడు. వెంటనే ‘అయినా లోకరీతి ఇది’ అంటూ నిచ్చెన పోలిక తెస్తాడు. పైకి ఎక్కేవాడు నిచ్చెన వైపే చూస్తాడు, చివరి మెట్టు మీదికి చేరాక దానికి వీపు చూపిస్తాడు. మనం ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటాం, అదే మాట. సామెతలు నిజమే. కానీ సామెత అనేది ఎవరి గురించైనా చెప్పే మాట, అది సీజర్ చేసిన నేరానికి రుజువు కాదు. ఎదుటి మనిషి గురించి చెప్పడానికి ఏమీ దొరకనప్పుడే మనం సామెతల్లోకి వెళ్తాం. బ్రూటస్ కూడా అంతే చేశాడు.

చివరికి అతనే అంటాడు: సీజర్ ఇప్పుడు ఉన్న తీరును బట్టి మన వాదన నిలబడదు కనుక, దాన్ని ఇలా మలుచుకుందాం. పామును గుడ్డులో ఉండగానే చంపినట్టు అనుకుందాం. ఈ ‘మలుచుకుందాం’ ఇంగ్లీషు మూలంలో ‘ఫ్యాషన్’ అన్న క్రియ. బట్ట కుట్టినట్టు, బొమ్మ చేసినట్టు ఒక రూపం ఇవ్వడం. కాసియస్ ఏ పని చేస్తానన్నాడో, అదే పని ఇక్కడ బ్రూటస్ తన మీద తానే చేసుకుంటున్నాడు. ఇదే రంగంలో కాసేపటికి లిగేరియస్ అనే అతని ప్రస్తావన వస్తే, ‘ఇటు పంపండి, నేను మలుస్తాను’ అని అదే క్రియను మళ్లీ వాడతాడు. ముందు తనను మలుచుకున్నాడు, ఇప్పుడు ఇంకొకణ్ణి మలచడానికి తయారయ్యాడు. మొదటిసారి ఇది కనిపెట్టిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

పరీక్షలో ‘బ్రూటస్ వీరుడా, ద్రోహియా’ అన్న ప్రశ్న వస్తే చాలామంది చెరో వైపు అరపేజీ రాసి మధ్యలో సర్దేస్తారు. అలా రాయకండి. ఈ పాతిక పంక్తులు తీసుకుని ‘తీర్పు, ఊహ, ఒప్పుకోలు, సామెత, మలచడం’ అనే వరుసను చూపించండి. నాలుగు పేజీలకు సరిపోతుంది, పైగా అదంతా మీ సొంత ఆలోచన అవుతుంది.

వేషం కట్టేవాళ్లకు: ఈ స్వగతాన్ని ఆవేశంగా చెప్పకండి. సగం రాత్రి మేలుకుని ఉన్నవాడు, తనకు తాను నెమ్మదిగా, మర్యాదగా నచ్చజెప్పుకుంటున్నట్టు చెప్పండి. ‘నేనెప్పుడూ చూడలేదు’ అన్న దగ్గర నిజంగా ఆగండి. వెనక్కి వెళ్లిపోవడానికి తలుపు అక్కడ తెరుచుకుంటుంది. చూసేవాళ్లకు ఆ తలుపు కనబడాలి.

ఐదో మెట్టు: కిటికీ దగ్గర దొరికిన ఉత్తరం

లూసియస్ తిరిగొచ్చి, చెకుముకి రాయి వెతుకుతుంటే కిటికీ దగ్గర ఈ కాగితం దొరికిందని ఇస్తాడు. ఆ రాత్రి ఆకాశంలో మెరుపులూ ఉల్కలూ అంతలా ఉన్నాయి, ఆ వెలుగులోనే బ్రూటస్ చదువుతాడు. ‘బ్రూటస్, నువ్వు నిద్రపోతున్నావు. మేలుకో, నిన్ను నువ్వు చూసుకో. రోమ్ ఇక...’ అని ఉంటుంది. తర్వాత ఖాళీ.

ప్లూటార్క్ చెప్పిన కథలో ఇలాంటి కాగితాలను పూర్వీకుడి విగ్రహం దగ్గరా, బ్రూటస్ న్యాయపీఠం మీదా జనం తమంతట తామే పెట్టేవాళ్లు. షేక్‌స్పియర్ నాటకంలో వాటిని కాసియస్ దొంగరాత రాసి, రకరకాల దస్తూరీల్లో, సిన్నా అనే తోటి కుట్రదారు చేత పెట్టిస్తాడు. నేను ఇందాక చెప్పిన పెద్ద మార్పు ఇదే. రోమ్ ప్రజలు పిలిచారని బ్రూటస్ నమ్మాడు. నిజానికి పిలిచింది ఒకే ఒక్క మనిషి.

అయినా మోసపోయాడని జాలిపడి ఊరుకోకండి. ఖాళీని ఎవరు నింపారో చూడండి. ‘రోమ్ ఇక...’ తర్వాత ఏముంటుందో తానే పూరిస్తాడు. రోమ్ ఒక మనిషికి లొంగి ఉండాలా? మా పూర్వీకులు టార్క్విన్‌ను తరిమిన రోమేనా ఇది? కాసియస్ ఖాళీ వదిలాడు, లోపలి మాట బ్రూటస్‌ది. ఆ తర్వాతే ఎంతో బాధగా అంటాడు: కాసియస్ నన్ను సీజర్ మీదికి పదును పెట్టినప్పటి నుంచీ నాకు నిద్రలేదు. భయంకరమైన పని తలపెట్టడానికీ చేయడానికీ మధ్య కాలమంతా పీడకల, మనిషి లోపల చిన్న రాజ్యంలో తిరుగుబాటు జరుగుతున్నట్టు ఉంటుంది. కుట్రదారుడి మనసు గురించి ఇంత సూటిగా చెప్పిన మాట నేను ఇంకెక్కడా చదవలేదు.

ఆరో మెట్టు: కాసియస్‌కు ఎన్నిసార్లు అడ్డు చెప్పాడో లెక్కపెట్టండి

కుట్రదారులు ముఖాలు కప్పుకుని వస్తారు. వీళ్లకు బ్రూటస్ ఎందుకు కావాలో వాళ్లలో ఒకడైన కాస్కా ముందు రంగంలోనే చెప్పాడు: మనం చేస్తే నేరంలా కనిపించేది, ఆయన ముఖం తోడైతే పుణ్యంలా మారిపోతుంది. అంటే వాళ్లకు కావాల్సింది బ్రూటస్ మంచి పేరు. అతను వచ్చీ రాగానే పెత్తనం తీసుకుంటాడు. నోట్‌బుక్‌లో రాయండి: ప్రమాణం చేద్దామంటాడు కాసియస్, బ్రూటస్ వద్దంటాడు. పేరున్న వక్త సిసిరోను కలుపుకుందామంటారు, వద్దంటాడు. సీజర్‌కు ఆప్తుడైన ఆంటోనీని కూడా చంపేద్దామంటాడు కాసియస్, వద్దంటాడు. తర్వాత మూడో అంకంలో సీజర్ శవం దగ్గర ఆంటోనీని మాట్లాడనివ్వొద్దంటాడు కాసియస్, బ్రూటస్ ఒప్పుకోడు. నాలుగో అంకంలో ఫిలిప్పైకి మనం వెళ్లొద్దు, శత్రువునే రానిద్దామంటాడు, అప్పుడూ వినడు.

సిసిరోను వద్దనడానికి బ్రూటస్ చెప్పే కారణం: వేరేవాళ్లు మొదలుపెట్టిన పనిలో ఆయన ఎప్పుడూ కలవడు. ఈ మాట అంటున్నది కాసియస్ మొదలుపెట్టిన పనిలో కలిసినవాడే. అతనికి అది తట్టదు.

ఆంటోనీ విషయంలో చెప్పిన మాట ఇంకా గట్టిగా చూడాలి. మనం బలి ఇచ్చేవాళ్లం, కసాయివాళ్లం కాదు. సీజర్ ఆత్మను మాత్రం చంపి, శరీరాన్ని ముట్టుకోకుండా ఉంటే ఎంత బాగుండేది! కానీ అలా కుదరదు కదా. సరే, దేవుళ్లకు పెట్టే నైవేద్యంలా అతన్ని కోద్దాం, కుక్కలకు వేసే కళేబరంలా నరకొద్దు. ఒక మనిషిని ముక్కలు చేయడాన్ని వడ్డనగా మార్చేశాడు. చేతికి రక్తం అంటాలి కానీ, పేరుకు మరక అంటకూడదు. ఇదే అతని ఆశ. బ్రూటస్ అబద్ధాలకోరు కాదు. ఈ మాటలు అతను మనస్ఫూర్తిగా నమ్మి చెబుతున్నాడు, అందుకే వినడానికి అంత బాధగా ఉంటుంది.

ఏడో మెట్టు: పోర్షియా

కుట్రదారులు వెళ్లగానే భార్య వస్తుంది. చాలా ప్రదర్శనల్లో ఈ సీన్‌ను తగ్గించేస్తారు. అది పెద్ద పొరపాటు. తన భర్త కొన్నాళ్లుగా తిండి తినడం లేదు, మాట్లాడటం లేదు, చెయ్యి విసిరి వెళ్లిపొమ్మంటున్నాడు అని ఒక్కొక్కటిగా చెబుతుంది. తోటలో అతను తనలో తాను దాచుకున్నదంతా ఆమె బయటి నుంచి చూసినట్టే చెబుతుంది. ఒంట్లో బాగోలేదని అతను తప్పించుకోబోతే, ఇలా రాత్రి చలిలో తిరిగితే ఒంటికి మంచిదా అని అడుగుతుంది. రహస్యం దాచగలనని చూపించడానికి తన తొడ మీద తానే పెట్టుకున్న గాయం చూపిస్తుంది.

ఇక్కడ నోట్‌బుక్‌లో ఒక ప్రశ్న రాయండి: పోర్షియా అడిగితే కదిలిపోయిన మనిషి, సీజర్ విషయంలో ఎందుకు కదల్లేదు? నాకు తోచిన జవాబు ఇది. పోర్షియా ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది, గాయం చూపిస్తుంది. తోటలో సీజర్ లేడు, సీజర్ గురించిన ఊహలే ఉన్నాయి. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు బ్రూటస్ మెత్తబడతాడు. ఒంటరిగా ఉన్నప్పుడే మొండిగా మారతాడు. మీకు ఇంకో జవాబు దొరికితే రాసుకోండి.

ఎనిమిదో మెట్టు: ఒక్క వాక్యం, వైన్ గ్లాసు పక్కన

రెండో అంకం రెండో రంగం చివర్లో, హత్యకు కొద్దిసేపటి ముందు, సీజర్ కుట్రదారులందరినీ ఇంట్లోకి పిలుస్తాడు. రండి, కాస్త వైన్ తాగుదాం, స్నేహితుల్లా కలిసి వెళ్దాం అంటాడు. ఆ ‘లా’ అన్న చిన్న మాట బ్రూటస్ గుండెలో గుచ్చుకుంటుంది. ‘స్నేహితుల్లా’ ఉండటం, స్నేహితులు కావడం ఒకటి కాదు కదా సీజర్, ఇది తలుచుకుంటే నా గుండె తరుక్కుపోతోంది అని తనలో తాను అనుకుంటాడు. అంతే. అయినా వెళ్తాడు. ఎదురుగా ఉన్న మనిషికి కరిగిపోతాడని ఇందాక చెప్పిన మాటను ఇక్కడ సరిచూసుకోండి. మనసు కరిగింది, కాళ్లు ఆగలేదు. నటులు ఈ పంక్తిని తొందరలో మింగేస్తారు. దయచేసి మింగకండి.

తొమ్మిదో మెట్టు: రక్తం, ఆ తర్వాత ప్రసంగం

హత్య క్షణాల్లో అయిపోతుంది. మొదటి పోటు కాస్కాది, చివరిది బ్రూటస్‌ది. ‘నువ్వు కూడానా బ్రూటస్’ అన్న లాటిన్ మాట ప్లూటార్క్‌లో లేదు. దానికి దగ్గరి మాట గ్రీకులో అన్నాడని కొందరు చెబుతారంటూ రోమన్ చరిత్రకారుడు సుటోనియస్ రాశాడు. ప్రపంచమంతా గుర్తు పెట్టుకున్నది మాత్రం నాటకంలోని మాటే.

అంతకంటే ఎక్కువగా చూడాల్సింది తర్వాతి మాటలు. వంగండి రోమన్లారా, సీజర్ రక్తంలో మోచేతుల దాకా చేతులు కడుక్కుందాం అనేది ఎవరు? బ్రూటస్. కసాయివాళ్లం కాదన్నవాడు. ఎడమ పేజీనీ కుడి పేజీనీ ఒకసారి పక్కపక్కన పెట్టి చదవండి.

తర్వాత జనం ముందు ప్రసంగం. నాటకంలో పెద్ద హోదా ఉన్నవాళ్లు ఎక్కువగా ఛందస్సులో మాట్లాడతారు, బ్రూటస్ ఇక్కడ వచనంలో మాట్లాడతాడు. వాక్యాలన్నీ తూకం వేసినట్టు సమానంగా ఉంటాయి. సీజర్‌ను తక్కువ ప్రేమించి కాదు, రోమ్‌ను ఎక్కువ ప్రేమించి. నన్ను ప్రేమించాడు, అందుకు ఏడుస్తున్నాను. శూరుడు, అందుకు గౌరవిస్తున్నాను. అధికారదాహం ఉంది, అందుకు చంపాను. అంత అందమైన ప్రసంగంలో లేనిది ఒక్కటే, రుజువు. సీజర్‌కు అధికారదాహం ఉందని చూపించే సంఘటన ఒక్కటి కూడా చెప్పడు. తోటలో ఎలాగో ఇక్కడా అలాగే. తర్వాత వచ్చిన ఆంటోనీ మాత్రం గుట్టలుగా చూపిస్తాడు: ఖజానాకు చేర్చిన సొమ్ము, పేదల కోసం కార్చిన కన్నీళ్లు, మూడుసార్లు తోసేసిన కిరీటం, చిరిగిన అంగీ, మనిషికి డెబ్బై ఐదు ద్రాఖ్మాలు ఇమ్మన్న వీలునామా.

ఆంటోనీ రాకముందే బ్రూటస్ ఓడిపోయాడని నా అభిప్రాయం. అతని ప్రసంగానికి ఉప్పొంగిన జనంలో ఒకడు ‘ఇతన్నే సీజర్‌ను చేద్దాం’ అని అరుస్తాడు. ఒక్క సీజర్ కూడా ఉండకూడదని చంపినవాడికి దక్కిన మెచ్చుకోలు అది. బ్రూటస్ ఆ మాట విన్నాడా, వినలేదా? నాటకం చెప్పదు. వేషం కట్టేవాళ్లే తేల్చుకోవాలి. నేనైతే విన్నట్టే ఆడమంటాను. విని, ఒక్క క్షణం ముఖం పాలిపోయి, జనాన్ని ఆంటోనీ కోసం ఆగమని వేడుకుని ఒంటరిగా వెళ్లిపోవాలి.

పదో మెట్టు: గుడారం

నాలుగో అంకంలో, యుద్ధానికి సిద్ధమవుతున్న బ్రూటస్, కాసియస్ స్నేహితులిద్దరూ కొట్టుకున్నంత పని చేస్తారు. కాసియస్ లంచాలు తింటున్నాడని బ్రూటస్ ఆరోపణ. ఆ కోపం మధ్యలోనే ఇలా అంటాడు: సైన్యానికి జీతాలివ్వడానికి నీ దగ్గర బంగారం అడిగితే ఇవ్వలేదు. నేనైతే రైతుల దగ్గర నీచంగా డబ్బు పిండలేను. మరి కాసియస్ దగ్గరున్న బంగారం ఎక్కడిది? తాను ముట్టుకోని పద్ధతిలో వచ్చిన డబ్బు తనకు కావాలి. రక్తం అంటాలి, మరక అంటకూడదన్న మాటకు ఇది ఇంకో రూపం. దేశం మాటలు పోయి జీతాల లెక్కలు వచ్చేసరికి ఆ లోపం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

కోపం చల్లారాక చెబుతాడు, పోర్షియా చనిపోయిందని. కాసేపటికి తన పక్షంలోని మెసాలా వచ్చి ఆమె మరణవార్త చెబితే, తనకేమీ తెలియనట్టు విని, అందరం పోవాల్సినవాళ్లమే అని ధీరంగా అంటాడు. రాతప్రతి దిద్దినప్పుడు రెండు రూపాలూ పొరపాటున మిగిలిపోయాయని కొందరు పండితుల అనుమానం. ఆడేటప్పుడు ఒకటి కొట్టేయడం మామూలే. నా మాట వింటే రెండూ ఉంచండి. స్నేహితుడి ముందు దుఃఖం బయటపెట్టినవాడు, సైన్యం ముందు రాయిలా నిలబడటం ఈ పాత్రకు అచ్చంగా సరిపోతుంది. ‘నేనైతే తట్టుకోలేను’ అని కాసియస్ పక్కన మెల్లగా అనే మాటలో ప్రేమ ఉంది, భయమూ ఉంది.

రాత్రి లూసియస్ వీణలాంటి వాద్యం వాయిస్తూ నిద్రలోకి జారుకుంటాడు. బ్రూటస్ లేచి, వాద్యం కింద పడి పగిలిపోకుండా మెల్లగా తీసి పక్కన పెడతాడు. తోటలో నిద్రపోయిన అదే కుర్రాడు. తర్వాత పుస్తకంలో గుర్తుకు మడతపెట్టిన పేజీ వెతుక్కుంటాడు (రోమన్లవి చుట్టలు, మడతపెట్టే పేజీలు కావు, కానీ ఈ తప్పు ఎంత ముచ్చటగా ఉందో). దీపం మసకబారుతుంది. సీజర్ దయ్యం వస్తుంది. ఎవరు నువ్వు అంటే ‘నీ దుష్టాత్మను’ అంటుంది. సీజర్‌ని అని చెప్పదు. ఈ ఒక్క జవాబు మీద ఒక సాయంత్రం కూర్చుని ఆలోచించండి.

పదకొండో మెట్టు: ఆఖరి మాట ఎలా చెప్పాలి

ఐదో అంకం ఐదో రంగం. ఓటమి తప్పదని తేలిపోయింది. కత్తి పట్టుకోమని ఒక్కొక్కరినీ అడుగుతాడు. క్లిటస్ చెవిలో ఏదో చెబుతాడు, అతను వద్దంటాడు. డార్డేనియస్ వద్దంటాడు. వొలుమ్నియస్, చిన్నప్పుడు కలిసి చదువుకున్నవాడు, ఇది స్నేహితుడు చేసే పని కాదంటాడు. తోటలో, సభలో, యుద్ధంలో ఎవరు ఎదురు చెప్పినా తన మాటే నెగ్గించుకున్న మనిషికి, వరసగా ముగ్గురు కాదన్నారు. చివరికి స్ట్రేటో ఒప్పుకుంటాడు. బ్రూటస్ అతనితో, కత్తి పట్టుకో, ముఖం అటు తిప్పుకో అంటాడు. ముందు నీ చెయ్యి ఇవ్వమంటాడు స్ట్రేటో. ఆ తర్వాత బ్రూటస్ ఆఖరి మాట:

‘సీజర్, ఇక నెమ్మదించు. నిన్ను చంపినప్పుడు నాకు ఇందులో సగం ఇష్టం కూడా లేదు.’

ఈ పంక్తికి ముందు నాలుగో మెట్టులోని స్వగతం ఒకసారి గొంతులో తిప్పుకోండి. అక్కడ ‘అతని చావు’ అన్నాడు, పేరు పలకలేదు. ఇక్కడ మొదటి మాటే ‘సీజర్’. అక్కడ ‘జరగాలి’ అన్నాడు. ఇక్కడ ‘నేను చంపాను’ అంటున్నాడు. చంపేటప్పుడు లోపల ఎంత ఇష్టం లేకపోయిందో ఇన్నాళ్లకు, చంపినవాడితోనే చెబుతున్నాడు. ఇందులో కారణాలు లేవు, సామెతలు లేవు, పోలికలు లేవు. గట్టిగా చెప్పకండి. దూరంగా పడుకున్న మనిషిని లేపకుండా మాట్లాడినట్టు చెప్పండి. మూలంలో అది ప్రాస కలిసిన జంట పంక్తి, దాన్ని నొక్కి పలికితే పాటలా అవుతుంది. కొంచెం వదులుగా పలకండి.

స్ట్రేటో వేషం వేసేవాళ్లకు కూడా ఒక మాట. ముఖం తిప్పుకోమన్నప్పుడు ప్రేక్షకుల వైపు తిప్పండి. బ్రూటస్ కత్తి మీద పడటం మనకు కనిపించేది ఆ ముఖంలోనే.